పోతనామాత్యుని నాగలియు గంటమును

ఓరుగల్లు నగరమున జరుగు నీ వార్షిక మహాసభ సందర్భమున వెలువడు సంచికలో, ఈ మండలమునకు చెందిన మహనీయుని చరిత్రమొకటి యుండవలెనని కార్యవర్గమువారు తలంచి యా భారమును మాపై నుంచిరి. ఈ గడ్డపై రాజులకు గాని సేనానులకు గాని కొదువ లేదు. 1213వ సంవత్సరమున రేచర్ల రుద్రుడు కట్టించిన రామప్పగుడి నేడు దేశదేశముల వారిని రప్పించుకొనుచున్నది. పాకాల, లక్నవరము చెఱువులు కాకతీయుల కాలమునుండి నేటివఱకు పొలములను తడుపుచున్నవి. అయినను మా మనస్సు వీరినెల్ల దాటి బమ్మెర గ్రామమునకే పోయినది.

దీనికి కారణము కలదు. మన మహాసభలకు వచ్చు సోదరులలో వ్యవసాయము చేయువారున్నారు, అంగడి నడుపువారున్నారు, కచేరీలలో కొలువు చేయువారున్నారు. సభానంతరమున భోజనపంక్తియందు వారు తఱచుగా మమ్మడుగు ప్రశ్న యొక్కటియే. తెల్లవాఱినది మొదలు ప్రొద్దుగ్రుంకువఱకు పనిలో మునిగియుండువానికి భగవచ్చింతన కెడమెక్కడిది? పని వదలినచో ఇల్లు గడువదు. భగవంతుని వదలినచో బ్రదుకునకు రుచి లేదు. మేమెన్నడును ఈ ప్రశ్నకు తృప్తికరముగ బదులు చెప్పినట్లు తోచదు. బమ్మెర పోతనామాత్యుని జీవితమును మరల తలపోసికొనిన పిమ్మట, ఆ ప్రశ్నను వేఱొక విధముగ నడుగవలెనేమో యని తోచినది. ఆ మహాకవి మావాడని చాటుకొనుటకై యీ వ్యాసము వ్రాయుటలేదని ముందుగనే మనవి చేయుచున్నాము. భాగవతము పఠించు ప్రతి గృహమును ఆయన గృహమే.

పోతన కౌండిన్యసగోత్రుడు, ఆపస్తంబసూత్రుడు. తండ్రి కేసన, తల్లి లక్కమాంబ, అన్న తిప్పన. ఈ వివరములను ఆయనయే భాగవతావతారికలో తెలిపియున్నాడు. ఆశ్వాసాంత గద్యములలో తండ్రిపేరునకు మంత్రిశబ్దమును, తన పేరునకు అమాత్యశబ్దమును చేరియున్నవి. అనగా కొలువులు చేసిన కుటుంబము. వ్రాతకోతలతో పరిచయముగల యిల్లు. అట్టి యింట పుట్టినవాడు కొలువును కోరక మేడి పట్టుకొనెనను సంగతిని మన పెద్దలు తరతరములుగ చెప్పుకొనుచు వచ్చిరి. ఆ గద్యములలోనే ఆయనకు సహజపాండిత్యుడను విశేషణము గలదు. గురుముఖమున నేర్చినది తక్కువయనియు, స్వభావసిద్ధముగ నబ్బినది యెక్కువయనియు దాని భావము.

ఆయన జీవించినది పదునైదవ శతాబ్ది. ఆ కాలపు తెలంగాణపు స్థితి తెలిసిననేగాని ఆయన చేసిన పని యెంతటిదో బోధపడదు. 1323లో ఓరుగల్లు ఢిల్లీసేనల వశమై కాకతీయ సామ్రాజ్యము కూలినది. తరువాత ముసునూరి నాయకులు కోటను మరల గెలుచుకొనిరి గాని అదియు నిలువలేదు. రాచకొండ, దేవరకొండలయందు రేచర్ల వెలమప్రభువులు పాలించిరి. పడమటినుండి బహమనీలు, తూర్పునుండి గజపతులు, దక్షిణమునుండి విజయనగరపు రాయలు ఈ నడుమ సీమను తమతమ వైపునకు లాగుచుండిరి. నేడొక దొర, రేపొక దొర. ఎవరు వచ్చినను పన్ను చెల్లించువాడు మాత్రము పొలముగట్టుననున్న రైతే. కవియైనవాడు అట్టి కాలమున ఏదో యొక కోటనీడను చేరుట సహజము. చేరినవారిని నిందించుట తగదు.

పోతన మన మండలమువాడా, కడపమండలమునందలి ఒంటిమిట్టవాడా యను వాదము పండితులలో చాలకాలము జరిగినది. ఏకశిలానగర మనగా ఒంటిమిట్టయే యని యొక పక్షము, ఓరుగల్లే యని మఱియొక పక్షము. మేము ఓరుగంటివారము గనుక మా మాటను కొంత తగ్గించి పుచ్చుకొనవచ్చును. అయినను పాలకుర్తికి చేరువనున్న బమ్మెర గ్రామమే ఆయన యింటిపేరుగా నిలిచియుండుట, రాచకొండ ప్రభువుతో ఆయనకు సంబంధము చెప్పబడుట, ఇవి మా పక్షమునకు బలమిచ్చుచున్నవి. ఒంటిమిట్ట కోదండరామాలయమున భక్తులు పోతనను తమవానిగా కొలుచుచున్నారన్న మాకు సంతోషమే. రాముని కంకితమైన గ్రంథము కర్తను రాముని గుడిలో నిలుపుట తప్పుగాదు.

ఇక నాగలి సంగతి. నిజము దాచరాదు గనుక చెప్పుచున్నాము. తాను దున్నితినని పోతన భాగవతమున ఎక్కడను చెప్పుకొనలేదు. కావ్యకన్యకను అమ్ముకొని తినుటకంటె పొలము దున్నుకొనుటయు, అడవిలో కందమూలములు త్రవ్వుకొనుటయు మేలను భావముగల పద్యము లోకమున ప్రసిద్ధము. అది ఆయన పేర వాడుకలోనున్న చాటువు. గ్రంథమందలి పద్యము గాదు. శ్రీనాథుడు పల్లకిలో వచ్చెననుట, ఆయన పోతనకు బావమఱది యనుట, కుమారుడు మల్లన పొలము దున్నుచుండెననుట, ఇవియన్నియు పెద్దలు చెప్పిన కథలే. 1943లో వాహినీవారి భక్తపోతన చిత్రమున నాగయ్యగారు ఆ పాత్రము ధరించిన పిమ్మట, పోతనయనగానే కృషీవలుని రూపమే తెలుగువారి కన్నుల గట్టుచున్నది. చారిత్రకులు సాక్ష్యమడిగిన మేము చూపగలిగినది యింతమాత్రమే.

అయిన నొక్కటి విచారింపవలెను. లోకము ఏ కవికిని ఊరక నాగలి నంటగట్టదు. నన్నయకు నాగలి నీయలేదు, తిక్కనకు నీయలేదు. పోతనకే యేల యిచ్చినది? రాజాశ్రయమును త్రోసివైచిన కవి బ్రదుకుటెట్లు అను ప్రశ్నకు జనులు తమకు తెలిసిన యొకేయొక సమాధానమును చెప్పికొనిరి. పరుల సొమ్ము వలదన్నవాడు తన పొలము తాను దున్నుకొనియుండవలెను. కథయే యైనను, అది రైతులు కల్పించుకొనిన కథ; అందులో రైతు గ్రహించిన సత్యము గలదు.

ఆ సత్యమును కొంచెము వివరించెదము. ఈ సీమ వ్యవసాయము వానను, చెఱువును, మోటబావిని నమ్ముకొనినది. తొలకరి పడగానే కర్రు సిద్ధము చేసికొనవలెను. అదను తప్పిన నేల మాట వినదు. దుక్కి, విత్తు, కలుపు, కావలి, కోత, కళ్లము, ఇందొక్కటియు రేపటికి వాయిదా వేయరానివే. ఇంత చేసియు పంట చేతికి వచ్చునన్న నమ్మకము లేదు. విత్తుట రైతు వంతు, వాన కురియుట అతని వంతు గాదు. భగవద్గీతయందు కర్మము చేయుము, ఫలమునందు ఆసక్తి వలదు అని బోధింపబడిన విషయమును గూర్చి మనము ఉపన్యాసములు విని తలలూపుచుందుము. ఓరుగంటి రైతుకు ఆ మాట క్రొత్తది గాదు. ఏటేట మేఘమువంక చూచుచు దానిని నేర్చుకొనుచునే యున్నాడు. పని మానినవాడు భక్తుడగునను భ్రాంతి అతనికి కలుగదు. అదను మించిపోవుచుండగా జపమాల త్రిప్పుచు కూర్చుండిన యింట పిల్లలు పస్తుందురని అతడెఱుగును.

ఇంకొక విశేషము. వ్యవసాయమున దేహము పనిలోనున్నను మనస్సునకు కొంత విడుదల గలదు. మోట తోలునపుడు ఎడ్లు వెనుకకు నడచి ముందునకు సాగుచుండ ఒకే తాళము నడచుచుండును. చేనికడ మంచెపై కావలియున్న రాత్రి మాటాడువారుండరు. ఈ సీమయందు మోటపాటలు, నాట్లపాటలు పుట్టినది అందువలననే. భాగవతపద్యములలో అక్షరములు ఒకదాని నొకటి పిలుచుకొనునట్లు సాగు ఆ నడకను వినినపుడెల్ల మాకు మోటబావి జ్ఞప్తికి వచ్చుచుండును. ఇది పండితుల మాట గాదు, మా యూహ మాత్రమే.

శ్రీనాథుని కథ నెఱుగనివారు లేరు. పల్లకిని ఒకవైపు బోయీలు లేకయే నడిపించి ఆయన తన మహిమ చూపెననియు, అంతట పోతన కుమారునిచేత కాడినుండి ఎద్దును విప్పించినను నాగలి సాగెననియు చెప్పుదురు. వినుటకు సొంపైన కథయే. మాకు మాత్రమిది అంతగా నచ్చదు. ఎడ్లు లేక దున్నుటలో పోతన గొప్పతనము లేదు. ఎడ్లకు మేత వేసి, నీరు పెట్టి, వానితో సమముగ అలసి, సాయంకాలము దీపము ముందు గంటము పట్టుకొనుటలోనే యున్నది. బావికథ దీనికంటె మేలు. గజేంద్రుని మొఱ విని విష్ణువు శంఖచక్రములనైన చేపట్టక, శ్రీదేవికైన చెప్పక పరుగెత్తెనని వ్రాసినందుకు శ్రీనాథుడాక్షేపించెనట. పోతన బావిలో రాయి వైచి బిడ్డ పడినదని కేకవేయగా శ్రీనాథుడు త్రాడైనను తీసికొనక పరుగెత్తెనట. కన్నతండ్రి పరుగువంటిదే జగత్పిత పరుగని అప్పుడాయనకు బోధపడినది. ఈ కథను కల్పించినవాడు భాగవతమును చక్కగా చదివినవాడు. పోతన వైకుంఠము ఇల్లువంటిది; ఆయన దేవుడు ఇంటియజమానివంటివాడు.

కవిసార్వభౌముడైన శ్రీనాథునిపై మాకు గౌరవము కొదువలేదు. ప్రౌఢదేవరాయల యాస్థానమున కనకాభిషేకము పొందినవాడు ఆయన. అట్టివాడు వార్ధకమున ఆశ్రయమిచ్చు దొరలు గతింప, కృష్ణాతీరమున బొడ్డుపల్లె పొలము గుత్తకు తీసికొని, వరదలో పంట పోయి, ఏడువందల టంకములు చెల్లింపలేక బాధలు పడెనని ఆయన పేరనున్న చాటువువలన తెలియుచున్నది. మేమీ రెండు కథలను ప్రక్కప్రక్కన పెట్టి చూచితిమి. ఇద్దఱును పొలమునకు వచ్చినవారే. ఒకడు తొలుతనే తానై వచ్చినాడు. మఱియొకడు గతిలేక కడపట వచ్చినాడు. దీనిని పట్టి శ్రీనాథుని చులుకన చేయువారున్నారు. అది పాడి గాదు. పల్లకి నెక్కిన ప్రతివాడును దిగవలసిన దినము వచ్చుననిమాత్రమే మేమిందు గ్రహించినది.

పోతన తొలినుండియు రాజులకు దూరముగ నుండెనని చెప్పుటకు వీలులేదు. రేచర్ల వంశపు ప్రభువైన రావు సింగభూపాలుని గూర్చిన భోగినీదండకము ఆయన పేరనే యున్నది. వీరభద్రవిజయమును గురువగు ఇవటూరి సోమనారాధ్యుని ప్రేరణచే రచించెను. కొందఱు భక్తులు దండకమును ఆయనది కాదందురు. మాకట్టి యావశ్యకత కనబడదు. యౌవనమున దొరను పొగడిన చేయియే తరువాత పొగడనన్నదనిన ఆ మాటకు బలము హెచ్చునేగాని తగ్గదు. భాగవతావతారికయందు, అధములైన నరపతులకు కృతులిచ్చి, అగ్రహారములను వాహనములను ధనమును కొని, తనువు చాలించిన పిమ్మట కాలునిచే దెబ్బలు తినుటకంటె, లోకహితముగ శ్రీహరికే యిత్తునని ఆయన నిశ్చయించుకొనెను. ఆ మాటలలో మెత్తదనము లేదు. చవిచూచి విడిచినవాడే అట్లు చెప్పగలడు.

ఈ సంచిక తొలిపుటలలో మన పోషకుల చిత్రపటములు ముద్రింపబడియున్నవి. వారి యౌదార్యము లేనిచో విద్యార్థి వసతిగృహమునకు బియ్యముండదు, ఈ కాగితమునకును సిరా యుండదు. కావున పోషకులను దూషించుటకై పోతనను తెచ్చితిమని యెవరును తలపవలదు. ఇచ్చువాడు తన నామమును నడినెత్తిన పెట్టుమనిన క్షణమున దానము బేరమగునని పోతన యెఱిగియుండెను. మన పోషకులలో అట్లు కోరనివారే పెక్కురు; వారికీ సంగతి వేఱుగ చెప్పవలసిన పనిలేదు.

భాగవతావతరణమును పోతన యిట్లు చెప్పియున్నాడు. ఒక పున్నమినాడు చంద్రగ్రహణము రాగా గంగాస్నానము చేసి, యిసుకతిన్నెపై మహేశ్వరుని ధ్యానించుచుండ రామభద్రుడు కనులకు పొడసూపి, భాగవతమును తెనిగింపుమని యానతిచ్చి మఱుగయ్యెను. ధ్యానించినది శివుని, వచ్చినది రాముడు. శైవవైష్ణవులు వీధులకెక్కి వాదించుకొను దినములలో ఆయన యింట ఈ రెండు పేరులకు నడుమ గోడలేదు. శివుని పూజింపని చేతులును, హరిని కీర్తింపని నోరును వ్యర్థమని ఒకే పద్యమున చెప్పినవాడు ఆయన.

తెనిగించు పనియు సామాన్యమైనది గాదు. సంస్కృతభాగవతము పండ్రెండు స్కంధములు, పదునెనిమిదివేల శ్లోకములని ప్రతీతి. తెలుగు భాగవతమున పద్యగద్యములు సుమారు 9,000 గలవు. తాటియాకుపై గంటముతో వ్రాయవలసిన దినములు. ఒక్క అక్షరము తప్పిన ఆకు చెడును. ఇల్లు నడుపుకొనుచు ఇంతటి గ్రంథమును సాగించుట కెన్ని యేండ్లు పట్టినదో! వేఱు పని లేనివాడు భక్తుడని మనము భ్రమపడుదుము గాని, భక్తియే యొక పెద్దపనియై కూర్చుండుననుట పోతన గ్రంథము చూచిన తెలియును.

ఆయన యేయే కథలయందు తనివితీర నిలిచెనో చూడుడు. తొమ్మిదవ స్కంధమున అంబరీషుడున్నాడు. సప్తద్వీపముల నేలు రాజు; అడవికి పోలేదు, సింహాసనము దిగలేదు. చేతులు హరిమందిరమును తుడుచుటకు, చెవులు హరికథలకు, కాళ్లు పుణ్యక్షేత్రములకు, ఇట్లు ఒక్కొక్క యింద్రియమునకు ఒక్కొక్క పని అప్పగించి రాజ్యమును చక్కగా పాలించెను. దుర్వాసుడు కోపించి, చక్రము తరుమగా లోకములు తిరిగి వచ్చువఱకు, అతిథి భుజింపనిదే తాను భుజింపనని ఆ రాజు ఒక సంవత్సరము వేచియుండెను. మాకు చక్రముకంటె ఆ వేచియుండుటయే గొప్పగ తోచును. ప్రహ్లాదుని సంగతియు నట్టిదే. హిరణ్యకశిపుడు కూలిన పిమ్మట నరసింహుడాతనిని అడవికి పొమ్మనలేదు. రాజ్యమేలుచు కర్మములను తనకర్పింపుమనెను. బాలభక్తుని కథలో ఈ కడపటిభాగమును మన పురాణకాలక్షేపములలో తఱచుగ విడిచివేయుచుందురు. దశమస్కంధమున గోవర్ధనగిరి ఘట్టమునందు కృష్ణుడు నందునితో చెప్పినదేమి? మనము గోవులను కాచుకొని బ్రదుకువారము, మనకు అన్నము పెట్టునవి ఈ పసులును ఈ కొండయును, వీనినే పూజింతమనెను. జీవనాధారమైన వృత్తికే నైవేద్యము పెట్టించినాడు.

ఈ భావము పోతనకు ఊహాపోహలవలన గాక ఊరిగాలిలోనే లభించియుండును. బమ్మెరకు సమీపముననే పాలకుర్తి యున్నది. అచట పాల్కురికి సోమనాథుడు అంతకు పూర్వమే బసవపురాణము రచించెను. ఆ గ్రంథపు నాయకుడైన బసవేశ్వరుడు పండ్రెండవ శతాబ్దిలో కళ్యాణమున బిజ్జలుని మంత్రి. కొలువు చేయుచునే భక్తులకు బంటైనవాడు. అందలి భక్తులలో చాకలి మాచయ్య బట్టలుతుకును, కుమ్మరి గుండయ్య కుండల తాళమునకు శివుని నాట్యమాడించును. రేవు, సారె, మగ్గము, దేనిని విడువుమనియు శివుడు వారినడుగలేదు. శైవగృహమున పెరిగిన పోతన ఈ కథలను బాల్యముననే వినియుండునని మా నమ్మకము.

ఇచ్చట మన సీమకే చెందిన మఱియొక భక్తుడు స్మృతికి రాక మానడు. 1953వఱకు మన ఓరుగల్లు జిల్లాలోనే యుండిన ఖమ్మము సీమలో నేలకొండపల్లి గ్రామమునందు కంచెర్ల గోపన్న పుట్టెను. తానీషా పాలనలో భద్రాచల ప్రాంతమున తహశీలుదారై, సర్కారు పైకముతో రామునకు గుడి కట్టించి, గోలకొండ చెఱసాలలో మ్రగ్గెనని కథ. ఆయన కీర్తనలు వినినపుడు మాకును కన్నులు చెమర్చును. కాని కచేరీ యుద్యోగులైన మన సోదరులు ఆయన భక్తిని తీసికొని, లెక్కలను మాత్రము పోతననుండి నేర్చుకొనవలెనని మా మనవి. పోతన రామునకిచ్చినది తాను కష్టించి సంపాదించినది. అందులో పరుల కాసు లేదు. ఈ మాట రామదాసభక్తులకు కష్టము కలిగించిన క్షమింతురుగాక.

రాజును కాదన్నందుకు పోతన మూల్యము చెల్లింపలేదా? చెల్లించెను. ఆ మూల్యము పడినది గ్రంథముమీద. కొలువుకవి కావ్యమునకు వ్రాయసగాండ్రుందురు, భాండాగారముండును. రైతింటి తాటియాకులకు చెదలు, వాన దప్ప దిక్కెవరు? కృతి తనకీయలేదని సింగభూపాలుడు భాగవతమును భూమిలో పాతించెనని యొక కథ గలదు, నమ్మువారు నమ్మవచ్చును. కాని గ్రంథములో కొంత శిథిలమైనదనుట నిజము. అయిదవ స్కంధమును గంగనయు, ఆఱవదానిని ఏర్చూరి సింగనయు, పదునొకండు పండ్రెండవ స్కంధములను వెలిగందల నారయయు పూరించిరి. వీరిలో నారయ పోతన శిష్యుడందురు. గురువు గ్రంథము ఖిలము కాకుండుటకై పేరు చివర నిలుచుటకు సమ్మతించిన వీరిని మన పాఠశాలలలో తలచుట లేదు. ఈ సంచికలోనైన వారి పేరులుండవలెనని వ్రాసితిమి.

రాజు చేయని పనిని తరువాత జనులు చేసిరి. పల్లెపల్లెన ప్రతులు వ్రాసికొనిరి. చదువురాని ముసలమ్మలు సైతము గజేంద్రమోక్షమును, ప్రహ్లాదచరిత్రమును కంఠస్థము చేసి మనుమలకు నేర్పిరి. మా యింటను అట్లే జరిగినది. వడ్లు దంచుచు పాడిన ఆ పద్యముల యర్థము మాకు తెలిసినది చాలకాలమునకు. రోకటి తాళము మాత్రము ముందే తెలిసినది.

బమ్మెర గ్రామము 2016నుండి జనగామ జిల్లాలో చేరినది. జిల్లా మాఱినను దారి మాఱలేదు, పాలకుర్తిమీదుగ పోవలెను. అచటివారు పోతన దున్నిన పొలమిదియని, ఆయన సమాధియిదియని చూపుదురు. నేడు ఆ చుట్టుపట్ల నాగళ్లకంటె ట్రాక్టరులే హెచ్చు. మహాసభ ముగిసిన మఱునాడు తీరికయున్న సోదరులు పోయి చూచి రావచ్చును. వరికోతల దినములైనచో అచట మీతో మాటాడుటకు రైతులకు తీరిక యుండదు. గట్టుమీద కొంతసేపు కూర్చుండి, వారి పని ముగిసిన పిమ్మట అడుగుడు.